గుంత తగిలితే స్టీరింగ్ కొట్టుకుంటోంది: పాత టెంపో ట్రావెలర్ క్యాంపర్‌లో ఏ భాగం అరిగిందో తేల్చేదెలా?

ఇల్లూ_బండీ_ఒకటే
మాది హన్మకొండ. బండి 2003 మోడల్ టెంపో ట్రావెలర్. పెళ్లి ట్రిప్పులు తిరిగి తిరిగి అలసిన దాన్ని నాలుగేళ్ల కిందట కొని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి గట్టు, 120 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించాను. ఏడాదికి ఆరేడు సార్లు లక్నవరం, బొగత, కాళేశ్వరం వెళ్తాం. మిగతా రోజుల్లో ఇంటి ముందు వేపచెట్టు కింద నిద్రపోతుంది.

బాధ ఇది. 55 దాటాక ముందు చక్రం ఏదైనా గుంతలో పడితే చాలు, స్టీరింగ్ అటూ ఇటూ గబగబా కొట్టుకోవడం మొదలవుతుంది. వేగం 30కి దిగితే గానీ ఆగదు. మొన్న ములుగు దాటి గోవిందరావుపేట వైపు పోతుంటే మా ఆవిడ చేతిలో ఉన్న ఫ్లాస్కు ఎగిరి అద్దానికి తగిలింది. ఆ రోజు నుంచి ఆమె ముందు సీట్లో కూర్చోవడం లేదు. ఇది కాక బండి ఎడమకు లాగుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, నేనే తిప్పుకోవాలి.

ఇప్పటివరకు చేయించినవి: అలైన్‌మెంట్ మూడు సార్లు, బ్యాలెన్సింగ్ రెండు సార్లు, ముందు షాకప్‌లు రెండూ కొత్తవి. స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పడాన్ని చక్రాల వైపు పంపే పళ్ల పెట్టె) మీద లూజు తగ్గించే స్క్రూ కూడా బిగించారు. ఇప్పుడు మెకానిక్ బాక్సు మొత్తం మార్చాలంటున్నాడు. మార్చేయనా?

రెండో_గేరు
ముందు ఫ్లాస్కు సంగతి చెప్పండి. పగిలిందా?

ఇల్లూ_బండీ_ఒకటే
స్టీలుది. సొట్ట పడింది. అద్దం బాగానే ఉంది.

పవర్_స్టీరింగ్_ప్రియుడు
పాత బాక్సుతో ఎందుకు కుస్తీ? కొత్త మోడల్ నుంచి పవర్ స్టీరింగ్ తీసి బిగించేయండి. మా బావమరిది అదే చేశాడు, వేలితో తిప్పుతున్నాడు.

గ్రానైట్_లారీ
కరీంనగర్. ఇరవై నాలుగేళ్లుగా లారీలతోనే బతుకు. పవర్ స్టీరింగ్ మాట పక్కన పెట్టండి. అరిగిన కీళ్లకు బలం తోడైతే వేలితో తిప్పుకుంటూనే కాలువలోకి పోతారు.

ఇల్లూ బండీ గారూ, మూడు అలైన్‌మెంట్లు చేసిన వాళ్లలో ఒక్కరైనా ముందు జాకీ ఎత్తి చక్రం పట్టుకుని ఊపి చూశారా? చూసి ఉంటే అలైన్‌మెంట్ చేసేవారే కాదు. కీళ్లలో లూజు ఉండగా అలైన్‌మెంట్ చేయడం కూలే గోడకు సున్నం కొట్టడమే. మిషన్ మీద లెక్క సరిపోతుంది, గేటు దాటగానే పోతుంది.

మీ బండికి ముందు గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), కమాన్లు (పట్టీల స్ప్రింగులు) ఉంటాయి. గుంత తగిలాక చక్రాలు ఊగడం ఇలాంటి యాక్సిల్‌కు పాత జబ్బు. ఒక్క భాగం వల్ల రావడం అరుదు. కింగ్ పిన్ (చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసులా ఉండే నిలువు పిన్ను) కొంచెం, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్ కొంచెం, కమాన్ బుష్ కొంచెం అరుగుతాయి. అన్నీ కలిసి 55 దగ్గర తాండవం మొదలుపెడతాయి. బాక్సు జోలికి ఇప్పుడే పోవద్దు.

ఇంకోటి. ఊగడం మొదలైనప్పుడు బ్రేకు గట్టిగా తొక్కవద్దు, స్టీరింగ్‌తో పోట్లాడవద్దు. రెండు చేతులతో పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి. అదే తగ్గుతుంది.

ఓమ్నీ_ఓరుగల్లు
నా ఓమ్నీలోనూ కటకట శబ్దం వచ్చేది. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ మార్చాక పోయింది. మీరూ అదే చూడండి. వీడియోల్లో అందరూ అదే చెబుతున్నారు.

గ్రానైట్_లారీ
తమ్ముడూ, ఓమ్నీకి ముందు స్ట్రట్లు, కింద ఆర్మ్‌లు ఉంటాయి, అందుకే బాల్ జాయింట్ ఉంది. ఈ పాత ట్రావెలర్‌కు ఆ ఆర్మే లేదు. దాని చోట ఒక దూలం, రెండు చివర్లా కింగ్ పిన్‌లు. వీడియో చూసి లేని భాగం కోసం బండి కింద వెతికితే వీపు మురికవుతుంది, అంతే.

ఓమ్నీ_ఓరుగల్లు
సరే, ఒప్పుకున్నాను. మా ఇంట్లో దూలాలు లేవు.

కాజీపేట_షెడ్డు
రైల్వేలో ఫిట్టర్‌ని. లారీ అన్న చెప్పింది నిజమే, ఎలా చూడాలో నేను చెబుతాను. ఇద్దరు మనుషులు కావాలి. మెకానిక్ అక్కరలేదు.

మొదట జాకీ ఎత్తవద్దు. బండి బరువు చక్రాల మీదే ఉండాలి, ఇంజిన్ ఆపేయాలి. ఒకరు స్టీరింగ్ దగ్గర కూర్చుని అటూ ఇటూ చిన్నగా కదపాలి. పూర్తిగా తిప్పకూడదు, చక్రం కదలడం మొదలయ్యేంత వరకే. రెండో మనిషి బండి కింద పడుకుని ఒక్కో కీలు మీద అరచెయ్యి పెట్టాలి: బాక్సు నుంచి వచ్చే చెయ్యి, ఆ చేతిని చక్రానికి కలిపే కడ్డీ అంటే డ్రాగ్ లింక్ రెండు చివర్లు, టై రాడ్ రెండు చివర్లు. కంటికి కనిపించని లూజు చేతికి తెలుస్తుంది. బాగున్న కీలులో రెండు ముక్కలూ కలిసి కదులుతాయి. అరిగిన దాంట్లో ఒకటి ముందు కదిలి, టిక్కుమని తగిలాక రెండోది కదులుతుంది. బాక్సును చేసిస్‌కు పట్టుకున్న బోల్టుల మీద కూడా చెయ్యి పెట్టండి. చాలాసార్లు బాక్సే ఊగుతుంటుంది, అందరూ లోపల పళ్లు అరిగాయనుకుంటారు.

తరువాత యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం నేల మీద నుంచి కొంచెం లేపండి. యాక్సిల్ కింద తప్పకుండా గట్టి చెక్క దిమ్మ ఇంకొకటి పెట్టండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు తల పెట్టవద్దు. ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

ఇప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే అది బేరింగ్‌దో కింగ్ పిన్‌దో కావచ్చు. లోపలి మనిషిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. లూజు పోతే బేరింగ్. బ్రేకు తొక్కినా ఉంటే కింగ్ పిన్. పక్కల నుంచి పట్టుకుని ఊపినప్పుడు లూజుంటే టై రాడ్ వైపు చూడాలి.

నిర్మల్_ఘాటు
ఈ బ్రేకు కిటుకు ముందే తెలిసి ఉంటే నేను బేరింగులు రెండుసార్లు మార్పించేదాన్ని కాదు. నాది క్యాంపర్ కాదు, పాత జీపు. ఆదిలాబాద్ వైపు కొండ దిగుతుంటే ఊగేది. చివరికి తేలింది కింగ్ పిన్ కిందివైపు బుష్. గ్రీజు అందక మట్టి నమిలేసింది.

అన్నట్టు గ్రీజు ఎప్పుడు కొట్టించారు?

ఇల్లూ_బండీ_ఒకటే
నిజం చెప్పాలంటే కొన్నప్పుడు. ఆరేడు ట్రిప్పులే కదా అనుకున్నాను.

గ్రానైట్_లారీ
అదీ సంగతి. రోజూ నడిచే లారీ కన్నా నిలబడే బండికే ఇవి త్వరగా పోతాయి. వానలో తడుస్తుంది, గ్రీజు ఎండుతుంది, లోపల తుప్పు పడుతుంది. ఒకరోజు 120 లీటర్ల నీళ్లు ఎక్కించి పరుగు తీయమంటారు.

గ్రీజు కొట్టేటప్పుడు కూడా బండి నేల మీద ఉంచి కొట్టవద్దు. యాక్సిల్ ఎత్తండి. బరువు దిగితేనే కింద భారం మోసే థ్రస్ట్ బేరింగ్‌లో సందు తెరుచుకుని గ్రీజు లోపలికి పోతుంది. లేకపోతే పైనుంచి కారి నేల మీద పడుతుంది, కొట్టినట్టు తృప్తి మాత్రం మిగులుతుంది.

లెక్కల_మాస్టారు
స్టీరింగ్ దగ్గర ఎంత ఆట (చక్రం కదలకుండా ఖాళీగా తిరిగే లూజు) ఉందో కొలిచారా? కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 98వ నిబంధన ప్రకారం 30 డిగ్రీలు దాటకూడదు.

ఇల్లూ_బండీ_ఒకటే
ఇప్పుడే టేపు పెట్టి చూశాను మాస్టారూ. స్టీరింగ్ అడ్డకొలత 44 సెంటీమీటర్లు. చక్రం కదలకుండా అంచు దగ్గర 7 సెంటీమీటర్లు తిరుగుతోంది.

లెక్కల_మాస్టారు
చుట్టుకొలత 138 సెంటీమీటర్ల పైచిలుకు. అందులో 7 అంటే 18 డిగ్రీలు. చట్టం అనుమతించే 30 డిగ్రీలు అంటే పదకొండున్నర సెంటీమీటర్లు. కాబట్టి చట్టం దృష్టిలో మీ బండి ఆరోగ్యంగా ఉంది.

రెండో_గేరు
చట్టం ఫ్లాస్కు పట్టుకుని కూర్చోదు కదా మాస్టారూ.

కాజీపేట_షెడ్డు
ఇక్కడ మెకానిక్ చేసిన పని గమనించాలి. స్క్రూ బిగించాక కూడా 7 సెంటీమీటర్లు ఉందంటే లూజు బాక్సులో లేదు, బయట కీళ్లలో ఉంది. పైగా స్క్రూ ఎక్కువ బిగిస్తే బాక్సు మధ్యలో పట్టేస్తుంది. మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి అది ఒక కారణం కావచ్చు.

పవర్_స్టీరింగ్_ప్రియుడు
వెనక్కి రాకపోవడం కింగ్ పిన్ ఎండినా వస్తుంది. బాక్సు మీదే నింద ఎందుకు?

కాజీపేట_షెడ్డు
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను. రెండూ కావచ్చు. తేల్చడం తేలికే. ముందు రెండు చక్రాలూ ఎత్తి, డ్రాగ్ లింక్ ఒక చివర విప్పండి. ఇప్పుడు చక్రాలు వేరు, స్టీరింగ్ వేరు. చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పండి, బరువుగా ఉంటే కింగ్ పిన్. లోపల స్టీరింగ్ తిప్పండి, మధ్యలో పట్టేస్తే బాక్సు. సందేహం మిగలదు.

ములుగు_రోడ్డు
టైర్లు ఏమంటున్నాయి? ఎవరూ అడగలేదు. అరచేతిని టైరు మీద లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్లలా తగిలితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) తప్పింది. చుట్టూ అక్కడక్కడా గిన్నెల్లా గుంటలు పడితే షాకప్ గానీ బ్యాలెన్సింగ్ గానీ. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు కూడా చూడండి, మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం.

ఇల్లూ_బండీ_ఒకటే
2316. అంటే 2016లో 23వ వారమా? నేను కొత్త టైర్లనుకున్నాను, పళ్లు బాగానే ఉన్నాయే!

ములుగు_రోడ్డు
పళ్లు బాగున్నా చిగుళ్లు పోయాయి. క్యాంపర్ టైరు అరిగి చావదు, ఎండి చస్తుంది. ముందు అవి మార్చండి, మిగతాది తరువాత.

గ్రానైట్_లారీ
ఒప్పుకోను. టైర్లు మార్చాల్సిందే, కాదనను. కానీ కీళ్లు బాగు చేశాక. ఇప్పుడు వేస్తే నెలలో కొత్త టైరుకూ రంపం పళ్లు వస్తాయి.

ములుగు_రోడ్డు
ఎండిన టైరుతో అంతవరకు నడపమంటారా?

గ్రానైట్_లారీ
నడపవద్దనే అంటున్నాను. ఆటోనగర్ దాకా 30లో పోవడం వేరు, బొగతకు పోవడం వేరు.

ఇల్లూ_బండీ_ఒకటే
ఆదివారం పరీక్ష పెట్టాం. మా అమ్మాయి స్టీరింగ్ దగ్గర, నేను కింద. ఇంటర్ చదువుతోంది, ఫిజిక్స్ పుస్తకం పక్కన పెట్టి వచ్చింది. నివేదిక:

బాక్సు బోల్టులు గట్టిగా ఉన్నాయి. డ్రాగ్ లింక్ వెనక చివర బాగుంది. ముందు చివర చేతికి టిక్కుమంటోంది, రబ్బరు టోపీ చిరిగిపోయి లోపల గ్రీజు బదులు ఎర్రమట్టి ముద్ద ఉంది. టై రాడ్ కుడి చివర కొంచెం లూజు, ఎడమ బాగుంది.

జాకీ ఎత్తాక కుడి చక్రం కదల్లేదు. ఎడమ చక్రం పైనా కిందా ఊపితే టక్ టక్. అమ్మాయి బ్రేకు తొక్కినా అలాగే ఉంది. టైరు కింద గడ్డపార పెట్టి లేపితే కింగ్ పిన్ దగ్గర సందు తెరుచుకోవడం టార్చి వెలుగులో కనిపించింది. డ్రాగ్ లింక్ విప్పి చూశాను: ఎడమ చక్రం ఎండిన గానుగలా తిరుగుతోంది, స్టీరింగ్ కూడా సరిగ్గా మధ్యలో పట్టేస్తోంది. అంటే ఇద్దరూ నెగ్గారు.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. ఎడమకు లాగడం దేనివల్ల? అమ్మాయి అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

నిర్మల్_ఘాటు
అమ్మాయికి నా తరఫున చాక్లెట్ ఇవ్వండి. సరైన ప్రశ్న. బ్రేకు పట్టేస్తోందా? పది కిలోమీటర్లు నడిపి రెండు ముందు హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఎడమది ఎక్కువ వేడిగా ఉంటే అదే.

లెక్కల_మాస్టారు
లోపలి సామాను ఏ వైపు ఉంది? కాంటా వేయించండి. ఎడమ చక్రాలు మాత్రమే పళ్లెం మీద పెట్టి ఒకసారి, కుడివి పెట్టి ఒకసారి.

ఇల్లూ_బండీ_ఒకటే
వేడి రెండు వైపులా సమానం. ఏనుమాముల మార్కెట్ దారిలో కాంటా వేయించాను. పత్తి లారీల మధ్య మా ఇల్లు నిలబడితే అందరూ నవ్వారు. ట్యాంకు నిండుగా ఉండగా ఎడమ వైపు 1640 కిలోలు, కుడి వైపు 1390. ట్యాంకు, రెండు బ్యాటరీలు, గ్యాసు బండ, పొయ్యి గట్టు అన్నీ ఎడమనే. కుడి వైపు మంచం, దుప్పట్లు.

లెక్కల_మాస్టారు
250 కిలోల తేడా. అంటే ముగ్గురు మనుషులు ఎప్పుడూ ఎడమ తలుపుకు ఆనుకుని కూర్చున్నట్టు.

గ్రానైట్_లారీ
ఆగండి. ఆ బరువుకు బండి ఎడమకు వంగి ఉండాలి. వంగిందా?

ఇల్లూ_బండీ_ఒకటే
లేదు. మొదట్లో వంగేది. అందుకే రెండేళ్ల కిందట ఎడమ ముందు కమాన్‌లో ఒక పట్టీ ఎక్కువ వేయించాను. చెప్పడం మరిచాను, అది దీనికి సంబంధమా?

గ్రానైట్_లారీ
ఇంత చర్చ నడిచాక ఇప్పుడా చెప్పేది!

కమాన్ కట్ట విప్పి కట్టాక రెండు మూడు వందల కిలోమీటర్లకు యూ బోల్టులు (కమాన్‌ను యాక్సిల్‌కు బిగించే యూ ఆకారపు బోల్టులు) మళ్లీ బిగించాలి. కొత్త పట్టీ కూర్చుంటుంది, బోల్టు వదులవుతుంది. మీరు బిగించలేదు, నాకు తెలుసు, ఎవరూ బిగించరు. యూ బోల్టు వదిలితే భారమంతా నడుమ ఉన్న సెంటర్ బోల్టు మీద పడుతుంది. అది చిటికెన వేలంత ఉంటుంది. తెగితే యాక్సిల్ ఆ వైపు వెనక్కి జారుతుంది, బండి అటు లాగుతుంది. ఎన్ని అలైన్‌మెంట్లు చేయించినా టో సరిపోతుంది గానీ యాక్సిల్ వంకర పోదు.

ఒక తాడు, ఒక టేపు చాలు. స్టీరింగ్ సూటిగా పెట్టి ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకు రెండు వైపులా కొలవండి.

కాజీపేట_షెడ్డు
యూ బోల్టును సుత్తితో తట్టి కూడా వినండి. బిగువుగా ఉంటే గంటలా మోగుతుంది, వదులుగా ఉంటే చెక్కను కొట్టినట్టు. మేము చక్రాలను తట్టి వినే అలవాటు ఊరికే రాలేదు.

ఇల్లూ_బండీ_ఒకటే
కుడి కన్నా ఎడమ 17 మిల్లీమీటర్లు తక్కువ. మూడుసార్లు కొలిచాను, చివరిసారి మా ఆవిడ కొలిచింది, అదే అంకె. యూ బోల్టు చుట్టూ కుంకుమ రాలినట్టు ఎర్రటి పొడి. చేత్తో తుడిస్తే కింద యాక్సిల్ మీద కమాన్ రాసుకున్న చోట ఇనుము అద్దంలా మెరుస్తోంది. సుత్తితో తడితే కుడిది మోగింది, ఎడమది దగ్గింది.

రెండో_గేరు
నాలుగేళ్లుగా ఇల్లు నడుస్తోందనుకున్నారు, పునాది జారుతోందన్నమాట.

ఓమ్నీ_ఓరుగల్లు
ఈ చర్చ చదివి నేను కూడా నా ఓమ్నీ వెనక కమాన్ యూ బోల్టులు తట్టి చూశాను. ఒకటి దగ్గింది. ఇందాక నవ్వినందుకు లారీ అన్నకు క్షమాపణ.

పవర్_స్టీరింగ్_ప్రియుడు
అన్నీ బాగయ్యాక అయినా పవర్ స్టీరింగ్ ఆలోచించండి.

గ్రానైట్_లారీ
ఇక పని చేయించేటప్పుడు గుర్తుంచుకోండి. కింగ్ పిన్ కిట్ రెండు వైపులకూ వేయండి, ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది వద్దు. బుష్‌లు సుత్తితో దిగ్గొట్టి అలాగే పిన్ను తోసేవాళ్లు ఉంటారు, ఒప్పుకోవద్దు. పైబుష్, కిందిబుష్ రెండింటిలోంచి ఒకేసారి పొడవైన రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు తీసే పనిముట్టు) పోవాలి. తరువాత నూనె రాసిన పిన్ను అరచేతి ఒత్తిడికి జారాలి. కొడితేనే పోతుందంటే బిగువు ఎక్కువ, తనంతట తాను పడిపోతే వదులు. యూ బోల్టులు కొత్తవే వేయండి, సాగిన పాతవి మళ్లీ పట్టవు. అదనపు పట్టీ తీసేయండి, బరువు సర్దండి. అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర, ఒక్కసారి.

విడిభాగాలు అడిగేటప్పుడు బజాజ్ టెంపో అని కూడా అడగండి. కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారింది 2005లో, మీ బండి అంతకు ముందుది. పాత దుకాణాల అరలకు ఇంకా పాత పేరే ఉంటుంది.

ఇల్లూ_బండీ_ఒకటే
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చేశారు. సెంటర్ బోల్టు బయటికి తీసి నా చేతిలో పెట్టారు: రెండు ముక్కలు, తెగిన చోట సగం పాత తుప్పు, సగం కొత్త మెరుపు. అంటే చాలా రోజుల కిందటే సగం తెగి, మిగతా సగం మీద మమ్మల్ని బొగత దాకా తిప్పిందన్నమాట. అది చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కింగ్ పిన్‌లు రెండు వైపులా, డ్రాగ్ లింక్ ముందు చివర, టై రాడ్ చివర్లు రెండూ, యూ బోల్టులు మార్చాం. బాక్సు మార్చలేదు. స్క్రూ వదులు చేసి మళ్లీ సరిగా పెట్టారు. ట్యాంకును నడిమికి జరిపాను, బ్యాటరీలు కుడి వైపు మంచం కిందకు వెళ్లాయి. టైర్లు నాలుగూ కొత్తవి, స్టెప్నీతో అయిదు. ఆఖర్న అలైన్‌మెంట్.

నిన్న ఖాళీ ట్యాంకుతో పరకాల దాకా వెళ్లాను. 65లో కావాలనే ఒక చిన్న గుంతలోకి దించాను. ఒక్క కుదుపు, అంతే. మలుపు తిరిగాక స్టీరింగ్ చేతుల్లోంచి జారి తనంతట తాను సూటిగా వచ్చింది. అంచు దగ్గర ఆట రెండున్నర సెంటీమీటర్లు.

లెక్కల_మాస్టారు
ఆరున్నర డిగ్రీలు.

నిర్మల్_ఘాటు
యూ బోల్టులు మళ్లీ బిగించే తేదీ రాసుకున్నారా?

ఇల్లూ_బండీ_ఒకటే
డ్యాష్‌బోర్డు మీద అమ్మాయి మార్కర్‌తో రాసింది: ఓడోమీటర్ అంకె, దానికి 300 కలిపి పక్కన ఇంకో అంకె. కింద “మరిచిపోతే నేను రాను” అని కూడా.

ఒక చిన్న సంగతి మిగిలింది. నెమ్మదిగా స్పీడు బ్రేకర్ ఎక్కేటప్పుడు ఎడమ వైపు కుయ్ మంటోంది. వేగంలో లేదు.

గ్రానైట్_లారీ
కమాన్ షాకిల్ (కమాన్ చివర ఊగే లింకు) బుష్ ఎండి ఉంటుంది. మార్చే ముందు దాని మీద కొంచెం నీళ్లు పోసి బండిని చేత్తో కిందికీ పైకీ ఊపండి. కుయ్ ఆగితే అదే.

రెండో_గేరు
ఆవిడ ముందు సీట్లో కూర్చున్నారా?

ఇల్లూ_బండీ_ఒకటే
కూర్చుంది. ఫ్లాస్కు మాత్రం వెనక మంచం మీద పెట్టింది.